పాత ఓడా, కొత్త ఓడా

మా కోరుట్లలో దుబాయి పోయినవాళ్లు వాడకు పదిమంది దొరుకుతారు. ఓడ మీద పోయినవాడు మాత్రం మా ఆయన ఒక్కడే. అందుకని ఆయన పేరుతో ఎవరికీ పని లేకుండా పోయింది. కిరాణా దుకాణం నుంచి మంగలి షాపు దాకా అందరికీ ఆయన ఓడ మాస్టరే. మాస్టరంటే వంట మాస్టరు. పైసలున్నవాళ్లు షికారుగా సముద్రాలు తిరిగే పెద్ద ఓడలో, వంటింట్లో ఆయన పని. నన్ను చూసుకోవడానికి వచ్చిననాడు మా అత్త ఈ ముక్కనే తిప్పితిప్పి చెప్పింది. ఆయనేమో తల వంచుకుని చాయ్ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను. సిగ్గుపడే మగవాడు దొరికాడని మురిసిపోయాను కూడా.

ఓడ మీద ఏడు నెలలు, ఇంటి దగ్గర రెండు నెలలు. ఇదీ మా కాపురం. ఆ రెండు నెలల్లో మొదటి నెల ఆయన చుట్టం. చుట్టాన్ని పని చెయ్యనిస్తామా? లేచి మంచినీళ్లు ముంచుకోబోతే నేనే చెంబు లాక్కునేదాన్ని. అత్తగారి ఊరు సిరిసిల్లకు తీసుకుపోతే మా అత్త నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. వాకిట్లో మంచం వేసి కూర్చోబెట్టేది. పొయ్యి కాడ నిలబడి నిలబడి ప్రాణం పోయి వచ్చాడు, నా ఇంట్లో గరిటె పట్టనివ్వను అనేది. మా దిక్కు ఇదొక మర్యాద. దూరదేశం నుంచి వచ్చిన మగవాడు పొయ్యి దగ్గరికి పోతే, ఆ ఇంటి ఆడవాళ్లను వాడంతా ఆడిపోసుకుంటుంది. అందుకని పెళ్లయిన ఇన్నేళ్లలో మా ఆయన చేతి వంట మేమెవరమూ తినలేదు.

రెండో నెలలో చుట్టం పోయి మొగుడు మిగిలేవాడు. కాస్త దగ్గరయ్యాం అనుకునేసరికి సంచి సర్దడం మొదలు. మా బిడ్డ పుట్టిననాడు ఆయన నీళ్ల మీద, అది అడుగులేసిననాడు నీళ్ల మీద. నాలుగేళ్లు వచ్చేసరికి అది ఆయన్ని 'ఓడ బాపు' అని పిలవసాగింది, ఇంకో బాపు ఎవరో ఉన్నట్టు. విన్నవాళ్లు నవ్వేవారు. నేనూ నవ్వి, గోడ మీది ఆయన ఫొటో దానికి చూపించేదాన్ని.

అది తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లే రోడ్డెక్కిన కాలం. బస్సులు ఒకరోజు నడిస్తే రెండు రోజులు బందు. చౌరస్తాలో దీక్షా టెంటు వెలిసింది. ఒకరోజు మేస్త్రీలు కూర్చుంటే మర్నాడు దర్జీలు, ఆ మర్నాడు బీడీలు చేసే ఆడవాళ్లు. నేను అంగన్‌వాడీ టీచర్ని, మా వంతు వచ్చినప్పుడు మేమూ కూర్చునేవాళ్లం. ఆ గొడవల మధ్యనే ఆయన సెలవు మీద వచ్చాడు. వచ్చిన వారంలోనే, బిడ్డకు అన్నం తినిపిస్తున్న నా మొహం చూడకుండా ఒక మాటన్నాడు.

"ఇంకో ఓడ కంపెనీ పిలుస్తున్నది. మారుదామా అని సూస్తున్న."

"ఎన్ని నెలలు?"

"పది."

నాకు అక్కడితో లెక్క తేలిపోయింది. ఏడు నెలలకే బిడ్డ తండ్రి మొహం మరిచిపోతోంది, పది నెలలకు ఏం మిగులుతుంది? కానీ ఆయన వదల్లేదు. కొత్త ఓడలో పనివాళ్లకు రోజూ అన్నం పెడతారట. పాత ఓడలో గదికి నలుగురు, కొత్తదాంట్లో ఇద్దరే. పాతది చలి సముద్రాల్లో తిరుగుతుంది, కొత్తది ఎండ కాసే దేశాల వైపు. నేను ఊరుకుంటానా? అన్నం ఇంటికొచ్చి తిను, నేను పెడతాను కదా అన్నాను. గదిలో ఇద్దరుంటే ఏంటి, నలుగురుంటే ఏంటి, కళ్లు మూసుకుంటే అందరూ ఒకటే అన్నాను. పాత ఓడలో ప్రతి మెట్టూ ఎరిగినవాడివి, తోడుగా జగిత్యాల భాయ్ ఉన్నాడు, కొత్తదానికి పోతే మళ్లీ అట్టడుగునే కదా అన్నాను. జీతం రెండింట్లోనూ ఇంచుమించు ఒకటే. తూచి చూస్తే పాత ఓడ పళ్లెం నేలకు తగులుతోంది, కొత్త ఓడ పళ్లెం గాలిలో ఊగుతోంది. ఆ మనిషేమో గాలిలో ఊగేదాని వైపే చూస్తాడు. ఎందుకని అడిగితే చెప్పడు. పని మారుతుందా అని కూడా అడిగాను. వంటింటి పనేనని లేచిపోయాడు. నాకు ఒళ్లు మండింది.

మా ఇంటి ముచ్చట టెంటుకు ఎట్లా చేరిందో నాకు తెలియదు. నేనే చెప్పి ఉంటాను, నా నోట్లో నువ్వుగింజ నానదు. టెంటుకు పెద్ద ఒక రిటైరైన బస్సు కండక్టరు, అందరూ కాకా అని పిలుస్తారు. మా వంతు రోజున మధ్యాహ్నం ఉపన్యాసాలు అయిపోయి, ఆకలి మరిచిపోవడానికి ఏదో ఒక ముచ్చట కావాలని అందరూ చూస్తున్నప్పుడు, మా ఆయన బిడ్డనెత్తుకుని అటు వచ్చాడు. కాకా పట్టుకున్నాడు. ఇక చూడండి, మైకు ఒక్కటి పెట్టలేదు గాని మా ఓడల మీద అసెంబ్లీ నడిచింది. ఎక్కిన బండి ఎట్లా ఉన్నా సరే, సీటు దొరికినవాడు సగం దారిలో దిగి ఇంకో బండెక్కకూడదన్నాడు కాకా. పక్కనున్న టీచర్లంతా తలలూపారు. ఒక్కరంటే ఒక్కరు మారమని అనలేదు.

నాకు నవ్వాగలేదు. పొద్దున్నుంచి వేరుపడాలని గొంతు పోయేట్టు అరిచినవాళ్లు, మా ఆయన దగ్గరికి వచ్చేసరికి కలిసుండమంటున్నారే అన్నాను. కాకా కూడా నవ్వాడు. అందులో మనది మనం అడుగుతున్నాం, ఇందులో ఇతనిది అడగడానికి ఏముందమ్మా అన్నాడు. మా ఆయన నవ్వలేదు. బిడ్డ చెప్పులు సరిచేస్తూ ఉండిపోయాడు.

బస్సులు నడిచిన రోజు చూసుకుని జగిత్యాల పోయాం. జవాబు కోసం తొందరపెడుతున్న ఏజెంటు అక్కడే ఉంటాడు, భాయ్ ఇల్లూ అక్కడే. భాయ్ పాత ఓడలోనే బట్టలు ఉతికే చోట పనిచేస్తాడు, ఆయనకూ అప్పుడే సెలవు. మా ఆయన్ని ఓడ ఎక్కించింది భాయే. ఇంటికి పోతే ఆయన భార్య సేమియా చేసి పెట్టింది, నన్ను సొంత ఆడబిడ్డలా లోపల కూర్చోబెట్టింది. భాయ్ మాత్రం ఎప్పటిలా నవ్వుతూ మాట్లాడలేదు. నువ్వైనా బుద్ధి చెప్పు భాయ్ అంటే చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"నేనైతే మార చెల్లె. గని నాది ఏ జహాజ్‌ల ఉన్నా బట్టలుతుకుడే. వానిది అలగ్."

ఏం అలగో, ఆయనది ఎందుకు వేరో చెప్పమంటే, వాడినే అడుగమ్మా అని చాయ్ తెప్పించే మిషతో లేచిపోయాడు. మగవాళ్లంతా ఒక్కటే అనుకున్నాను. దారి పొడుగునా ఆయనతో మాట్లాడలేదు.

ఇక మిగిలింది సిరిసిల్ల. మా అత్త మాటంటే ఆయనకు గురి, ఆమెతో చెప్పిస్తే వింటాడని నా ఎత్తు. ఆ రోజు బస్సుల్లేవు, జీపులో ఇరుక్కుని పోయాం. కొండగట్టు దగ్గర జీపు ఆగితే, కిందినుంచే అంజన్నకు దండం పెట్టి, బుద్ధి పుట్టించు స్వామీ అని మొక్కుకున్నాను. వేములవాడ దాటేసరికి బిడ్డ నా ఒళ్లో నిద్రపోయింది. ఆయన చెయ్యి చాపి దాన్ని తీసుకోబోయాడు, నేను ఇవ్వలేదు. అంత కోపంగా ఉన్నాను.

మా అత్త నా పక్షమే చేరింది. ఆమె బతుకంతా సాంచల చప్పుడులో గడిచింది. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచ అంటారు. మా ఆయన కూడా ఓడెక్కక ముందు సాంచ నడిపినవాడే. సేటును విడిచి ఇంకో సేటు దగ్గరికి పోయినవాడికి ఎప్పుడూ మూలకున్న చెడ్డ సాంచే ఇస్తారని, ఇది తాను కళ్లారా చూసిన సంగతని ఆమె కొడుకుకు గట్టిగా చెప్పింది. పైగా అంత పెద్ద మాస్టరువు, వాళ్ల దగ్గరికి పోయి చిన్న పని చేస్తావా అంది. ఆ మాటకు ఆయన మొహం మాడిపోయింది. నేను గెలిచాననుకున్నాను.

ఏజెంటుకు జవాబు చెప్పాల్సిన ముందురోజు కోరుట్లలో వంటావార్పు జరిగింది. రోడ్డుకు అడ్డంగా ఇటుకలతో పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే కూర్చుని తినడం. అటు లారీలు, ఇటు లారీలు ఆగిపోయేవి, డ్రైవర్లు కూడా దిగివచ్చి బంతిలో కూర్చునేవారు. తలా ఇంత బియ్యం, పప్పు, కట్టెలు తెచ్చాం. ఉర్దూ మాట్లాడే ఇళ్ల ఆడవాళ్లు మసాలా దినుసులు తెచ్చారు. కాకా మైకు తీసుకుని, ఇవాళ బగారా అన్నం మన ఓడ మాస్టరు చేతి మీదుగా అని ప్రకటించాడు. జనమంతా చప్పట్లు కొట్టారు. నేను పప్పుచారు గంజు దగ్గర నిలబడి, చెంగు సవరించుకుని, గొప్పగా చూస్తున్నాను. పోట్లాట పోట్లాటే, మొగుడు మొగుడే.

ముందు ఉల్లిగడ్డల బుట్ట ఆయన ముందు పెట్టారు. ఆయన కత్తి పట్టుకున్నాడు. అంత వేగం నేను ఎక్కడా చూడలేదు. కత్తి పైకి లేచినట్టే ఉండదు, ఉల్లిగడ్డ సన్నని పొరలుగా విడిపోతుంది. కంటి నుంచి ఒక్క చుక్క రాలేదు. పనులాపి జనం చుట్టూ మూగారు. ఇంకో బుట్ట ఇచ్చారు, అదీ అయిపోయింది. ఆలుగడ్డలూ, గాజర్లూ అంతే. మా బిడ్డ కాకా భుజమెక్కి కూర్చుని ఈలలు విని ఎగిరింది.

తర్వాత పెద్ద గంజు పొయ్యెక్కింది. నూనె కాగింది, దినుసులు పడ్డాయి, ఉల్లిగడ్డ ఎర్రబడింది. అంతవరకు బాగానే ఉంది. పక్కన బియ్యం నానుతున్నాయి. మేస్త్రీ ఒకాయన నీళ్ల బిందె ఎత్తుకుని వచ్చి, ఎసరు ఎంత పోయమంటావు మాస్టరూ అని అడిగాడు. మా ఆయన పొయ్యిలోంచి కట్టె ఒకటి బయటికి లాగాడు. మంట కొంచెం తగ్గించమన్నాడు. బిందె మోస్తున్నాయన మళ్లీ అడిగాడు. ఆయన గంజులోకి చూశాడు, నానిన బియ్యం వైపు చూశాడు, గరిటె అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అప్పుడు తలెత్తి, అంతమందిలో నన్ను వెతికాడు.

పెళ్లిచూపుల నాడు చాయ్ కప్పులోకి వంగిన తల అదే. చెవులు అట్లాగే ఎర్రబడ్డాయి. ఒక్క నిమిషంలో నాకు అంతా తెలిసిపోయింది. ఈ మనిషికి ఎసరు తెలియదు. ఈ మనిషి ఏనాడూ అన్నం వండలేదు.

గరిటె పక్కన పెట్టి, ఉప్పు డబ్బా పట్టుకుని గబగబా పోయాను. ఉప్పు సంగతి మరిచినట్టున్నావని అందరికీ వినబడేలా ఒక కసురు కసిరి, డబ్బా ఇస్తున్నట్టు పక్కకు వంగాను.

"బియ్యం కొలిచిన గిన్నె గదో. నానినయి గద, గిన్నెకు గిన్నెన్నర పొయ్యి."

ఆయన పోయించాడు. ఎసరు మరిగేదాకా నేను కదలలేదు. బియ్యం ఎప్పుడు వెయ్యాలో, మూత ఎప్పుడు పెట్టాలో, నిప్పులు మూత మీదికి ఎప్పుడు తియ్యాలో, ఉప్పు గురించి పోట్లాడుతున్నట్టే నటిస్తూ అన్నీ చెప్పాను. అన్నం పొడిపొడిగా, మల్లెల్లా వచ్చింది. లారీ డ్రైవర్లు మళ్లీ మళ్లీ వడ్డించుకున్నారు. కాకా ఆయన భుజం తట్టి, ఇంత పనిమంతుణ్ని వదులుకుంటే ఆ పాత కంపెనీ ఏడవాలి అన్నాడు. ఆయన నా వైపు చూడలేకపోయాడు.

పొద్దు వాలాక అందరూ వెళ్లిపోయారు. బోరింగు దగ్గర మేమిద్దరం బూడిదతో గంజులు తోముతున్నాం. ఇంతకాలం నాకు చెప్పడానికి నోరు రాలేదా అని అడిగాను. ఆ అడగడంలో కోపం ఎంతో, దుఃఖం ఎంతో నాకే తెలియలేదు. ఆయన తోముతూనే చెప్పాడు.

"నేనేనాడు మాస్టర్నని చెప్పలే. అమ్మ చెప్పింది, ఊరు పట్టుకున్నది. నాది కూరగాయలు కోసుడు. పొద్దుగాల దిగుతే మాపటి దాక గదే. పొయ్యిలు అవుతలి అర్రల ఉంటయి. ఎన్నోసార్లు అడిగిన. నీ చెయ్యి కత్తికి మంచిగున్నది, ఆడనే ఉండుమన్నరు."

"కొత్తోళ్లో?"

"పొయ్యి కాడ నిలవెడ్తమన్నరు. కింది పనే, ఓడల పనిచేసేటోళ్లకు అన్నం ఒండుడు. గని పొయ్యి కాడ." కాసేపాగి అన్నాడు, "అందరు మాస్టర్ అంటుంటె తల ఎత్తబుద్ధి గాదు. ఒక్కపారన్న నిజమైతె సాలు."

ఎండ కాసే దేశాలూ, ఇద్దరుండే గదీ, రోజూ అన్నమూ. ఇన్నాళ్లూ ఆయన నాకు చెప్పిన లాభాల్లో ఈ ఒక్క లాభమే లేదు. నా కోపం ఎక్కడికి పోయిందో పోయింది. ఈ మనిషిని మంచం మీద కూర్చోబెట్టి, చెంబు లాక్కుని, అలసిపోయావని బుజ్జగిస్తూ పొయ్యికి దూరంగా ఉంచింది ఆ ఓడవాళ్లొక్కరేనా? మేమూ అదే చేశాం. అయినా పొమ్మనడానికి మనసొప్పలేదు. పది నెలలు కదా. ఒక పళ్లెంలో ఆయన తల ఎత్తడం, ఇంకో పళ్లెంలో నా బిడ్డ తండ్రి. ఇది ఎవరు తూచగలరు? ఆ రాత్రంతా నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

తెల్లారి లేచి ఫోను ఆయన చేతిలో పెట్టాను.

"ఏజెంటుకు చెయ్యి. కొత్త ఓడకే పోతనని చెప్పు."

నమ్మలేనట్టు చూశాడు. ఇంకో మాట మాట్లాడితే మనసు మార్చుకుంటానని బెదిరించాను. కొండగట్టు కింద బుద్ధి పుట్టించమని మొక్కుకున్నాను గాని, ఎవరికి పుట్టించాలో అంజన్నకు చెప్పలేదు మరి.

అయితే ఒక షరతు పెట్టాను. పోయేలోపు మా ఇంట్లో వంట ఆయనదే. ఎసరు రాని మనిషిని ఏ మొహం పెట్టుకుని పంపిస్తాను? మొదటి రోజు అన్నం జావైంది, రెండో రోజు మాడింది. మాడిన అన్నం కూడా తిన్నాం. వాడకట్టు ఆడవాళ్లు కిటికీలోంచి చూసి నోళ్లు నొక్కుకున్నారు. చూడనివ్వండి అనుకున్నాను. సిరిసిల్లలో మా అత్త గరిటె లాక్కోబోతే, ఈసారి అడ్డుపడింది నేనే. ఓడలో కొత్త రకం అన్నం అడుగుతారట, అలవాటు చేసుకోవాలట అని అబద్ధమాడాను. ఆమె కొడుకు మాస్టరుగానే ఉండాలి ఆమెకు. ఆయన చేసిన పప్పు తిని, మా అత్త చెయ్యి కడుక్కోకుండా చాలాసేపు కూర్చుంది.

బిడ్డ మాత్రం ఆయన కొంగు పట్టుకున్నట్టే తిరిగింది. పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చునేది. ముద్ద ఆయన చేతితోనే కావాలనేది. ఈ గొడవలో 'ఓడ బాపు'లో ఓడ ఎప్పుడు ఊడిపోయిందో మేం గమనించలేదు. ఎవరూ దానికి చెప్పలేదు. ఒకరోజు వాకిట్లోంచి "బాపూ, ఆకలైతుంది" అని కేకేసింది, అంతే.

ఆయన పోయేనాడు తెలిసింది నేనేం చేశానో. ఇంతకుముందు ఎన్నిసార్లు పోయినా, చుట్టాన్ని సాగనంపినట్టు చెయ్యి ఊపి ఆటకు పరుగెత్తేది. ఈసారి జీపు కదులుతుంటే ఆయన కాలు పట్టుకుంది. దాని వేళ్లు ఒక్కొక్కటే విడదీశాను. అది ఏడ్చిన ఏడుపుకు టెంటులోని కాకా లేచి వచ్చాడు. దగ్గర చేసి మరీ దూరం పంపించానే అని నన్ను నేను తిట్టుకున్నాను. పాత ఓడే అయితే ఏడు నెలలు, అందులోనూ ఏడుపుండేది కాదు.

ఫోను రావడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజు మళ్లీ మా అంగన్‌వాడీ వంతు, బిడ్డతో నేను టెంటులోనే ఉన్నాను. పక్కకు పోయి ఎత్తాను. బాగున్నావా, తిన్నావా ఏమీ లేదు. ఆయన గొంతు ఎప్పుడూ అంత పెద్దగా వినలేదు. వెనక గిన్నెల చప్పుడు వినబడుతోంది.

"ఇయ్యాల అన్నం నేనే ఒండిన. ఓడల పనోళ్లందరికి."

"ఎసరు ఎంత పోసినవ్?"

"గిన్నెకు గిన్నెన్నర. నువ్వు చెప్పినంతే."

నవ్వబోయాను, నవ్వు రాలేదు. ఈలోపు బిడ్డ ఫోను లాక్కుంది. బాపూ, ఎప్పుడు వస్తావు అని అడిగింది. మళ్లీ అడిగింది. గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను ఫోను తీసుకున్నాను. ఆయన ఏడుస్తున్నాడని ఊపిరిని బట్టి తెలుస్తోంది. నేను మాత్రం గట్టిగానే అన్నాను.

"ఇగ పో. అన్నం మాడుతది, సూసుకో."